రెండు సర్టిఫికెట్లు, ఒకటే క్యూ: డిగ్రీ పూర్తయిన దళిత వికలాంగుల ముందున్న దారులు

నందికొట్కూరుకు రైలు లేదు. కర్నూలు ముప్పై కిలోమీటర్ల దూరం, బస్సే ఆధారం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు ఈ ఊరు కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది. చదువుకు, పెద్దాసుపత్రికి జనం అలవాటుపడింది కర్నూలుకు. ఇప్పుడు కలెక్టరేట్, జిల్లా సంక్షేమ కార్యాలయాలు నంద్యాలలో ఉన్నాయి. అది దాదాపు రెట్టింపు దూరం. నడవగలిగినవాళ్లకు ఇదో చిన్న విసుగు. క్యాలిపర్ వేసుకుని బస్సు మెట్టెక్కాల్సిన అమ్మాయికి అలా కాదు. ఒక్క సంతకం కోసం వెళ్లాలన్నా తోడు రావాల్సిన తల్లి ఆ రోజు కూలి వదులుకోవాలి. పని ఆ రోజు కాకపోతే మరో రోజు కూలి పోతుంది.

నందికొట్కూరు అసెంబ్లీ స్థానం 2009 ఎన్నికల నుంచి ఎస్సీలకు రిజర్వు అయింది. పగిడ్యాల, జూపాడు బంగ్లా, కొత్తపల్లె, పాములపాడు, మిడుతూరు మండలాలు ఇందులోనివే. అక్కడి నుంచి, అటు నంద్యాల, ఆళ్లగడ్డ వైపు నుంచి డిగ్రీ దాకా వచ్చిన దళిత వికలాంగ యువత ఆ తర్వాత ఎటు వెళ్లగలరు, ఎక్కడ ఆగిపోతున్నారు అన్నదే ఈ వ్యాసం.

ముందు ఒక మాట. 'దివ్యాంగులు' అన్న పేరు 2015 డిసెంబరులో ప్రధాని రేడియో ప్రసంగం తర్వాత వాడుకలోకి వచ్చింది. మన రాష్ట్ర ప్రభుత్వం 'విభిన్న ప్రతిభావంతులు' అంటోంది. ఉద్యమంలో ఉన్నవాళ్లు ఎక్కువగా 'వికలాంగులు' అనే అంటారు, నేనూ అదే వాడుతున్నాను. పేరులో దైవత్వం కలిపినంత మాత్రాన కాలేజీకి ర్యాంపు రాదు.

లెక్కల్లో ఉన్నది, లేనిది

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, మొత్తం జనాభాలో 2.21 శాతం. ఎస్సీలను విడిగా చూస్తే 2.45 శాతం. ఈ తేడా యాదృచ్ఛికం కాదు. పౌష్టికాహారం, కాన్పు సమయంలో వైద్యం, పని ప్రదేశంలో భద్రత ఎవరికి అందవో వాళ్ల ఇళ్లలోనే వైకల్యం ఎక్కువ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పుడు లెక్క తేలినవాళ్లు 22.66 లక్షలు. దేశవ్యాప్తంగా వికలాంగుల్లో అక్షరాస్యులు సుమారు 55 శాతం. మగవాళ్లలో 62, ఆడవాళ్లలో 45. డిగ్రీ, ఆపై చదివినవాళ్లు దాదాపు 5 శాతం.

ఆ 5 శాతానికైనా పని దొరుకుతోందా? 2018లో జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ రౌండు ప్రకారం పదిహేనేళ్లు దాటిన వికలాంగుల్లో పనిచేస్తున్నవాళ్లు, పని వెతుక్కుంటున్నవాళ్లు కలిపి 23.8 శాతమే. మిగతావాళ్లు పని అడిగే దశకే రాలేదు. వైకల్య సర్టిఫికెట్ ఉన్నవాళ్లు 28.8 శాతం. చట్టం ఇచ్చే ప్రతి హక్కుకూ ఆ కాగితమే తాళంచెవి కాబట్టి మిగతా అంకెల కంటే ఇదే నన్ను ఎక్కువ ఆపింది.

చట్టం ఏమిస్తోంది

1995 నాటి పాత చట్టం స్థానంలో 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 21 రకాల వైకల్యాలను గుర్తించింది. కనీసం 40 శాతం వైకల్యం ఉంటే రిజర్వేషన్‌కు అర్హత వస్తుంది. 32వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు, అయిదేళ్ల వయోపరిమితి సడలింపు ఇవ్వాలి. 34వ సెక్షన్ ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం ఇస్తుంది. చూపు లోపానికి ఒకటి, వినికిడి లోపానికి ఒకటి, శారీరక వైకల్యానికి ఒకటి, ఆటిజం, మేధోవైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలకు కలిపి ఒకటి. తగిన అభ్యర్థి దొరకకపోతే ఆ పోస్టును మరుసటి నియామక సంవత్సరానికి తీసుకెళ్లాలి. అప్పుడూ దొరకకపోతే వేరే వైకల్యం ఉన్నవాళ్లకు మార్చాలి. ఆ తర్వాతే ఇతరులకు ఇవ్వాలి. నోటిఫికేషన్ చూసేటప్పుడు ఈ వరుస పాటించారా లేదా అడగండి. బ్యాక్‌లాగ్ పోస్టులు చప్పుడు లేకుండా మాయమయ్యేది ఇక్కడే.

రెండు గీతలు కలిసే చోట

ఎస్సీ రిజర్వేషన్ నిలువు రిజర్వేషన్. వికలాంగుల రిజర్వేషన్ దానికి అడ్డంగా వెళ్లే సమాంతర రిజర్వేషన్. 1992లో ఇంద్రా సహానీ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను స్పష్టం చేసింది. వంద పోస్టులు ఉంటే వికలాంగులకు నాలుగు. కానీ ఆ నాలుగు విడిగా పక్కన ఉండవు. ఎంపికైన వికలాంగురాలు ఎస్సీ అయితే ఆమెను ఎస్సీ కోటాలో లెక్కిస్తారు, ఓసీ అయితే ఓపెన్‌లో.

ఇది వినడానికి సాఫీగా ఉంది. అమలులో రెండు పద్ధతులు నడుస్తున్నాయి. యూపీఎస్సీ సివిల్స్ ఫలితాల్లో వికలాంగులకు వైకల్యాన్ని బట్టి కటాఫ్ ఉంటుంది, అందులో కులం విభజన ఉండదు. హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో మంచి ఇంగ్లిష్ స్కూల్లో చదివి, ఇంట్లో కంప్యూటర్, చదివి వినిపించే మనిషి ఉన్న అభ్యర్థితో మిడుతూరు అభ్యర్థి అదే గీత దగ్గర పోటీపడాలి. యూజీసీ నెట్‌లో అలా కాదు. ఎస్సీ వికలాంగులు, బీసీ వికలాంగులు అని కటాఫ్‌లు విడివిడిగా ప్రకటిస్తారు. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్ల కేటాయింపులోనూ ఎస్సీ వికలాంగులకు వేరు వరుస ఉంటుంది. నా అభిప్రాయంలో సీట్లు ఎక్కువ ఉన్నచోట ఈ రెండో పద్ధతే న్యాయం. ఒకటి, రెండు పోస్టులే ఉన్నచోట విడదీయడం కుదరదు. అందుకే అక్కడ బ్యాక్‌లాగ్ లెక్క మీద పట్టు పట్టాలి.

వయసు విషయంలో మాత్రం రెండు గీతలూ కలుస్తాయి. కేంద్ర ఉద్యోగాల్లో ఎస్సీలకు 5 ఏళ్లు, వికలాంగులకు 10 ఏళ్లు సడలింపు ఉంది. ఎస్సీ వికలాంగులకు రెండూ కలిపి 15 ఏళ్లు. ఫీజు మినహాయింపు ఎటూ ఉంది. చాలామంది ఒక్క కాలమ్‌లోనే టిక్ పెట్టి రెండోది వదిలేస్తున్నారు. దరఖాస్తులో కులం, వైకల్యం రెండూ రాయాలి. ఒకటి రాస్తే మరొకటి పోతుందన్న మాట నిజం కాదు.

2020 డిసెంబరులో సౌరవ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా తెలిసి ఉండాలి. అది మహిళల సమాంతర రిజర్వేషన్ గురించి. ఓపెన్ కోటాలోని మహిళా పోస్టులు ఓసీ మహిళలకే పరిమితం కావని, ఎక్కువ మార్కులు వచ్చిన ఎస్సీ, బీసీ మహిళలను ముందు అక్కడే లెక్కించాలని కోర్టు చెప్పింది. ఓపెన్ అంటే ఓసీ కోటా కాదు. అదే తర్కం ప్రకారం మంచి మార్కులు వచ్చిన ఎస్సీ వికలాంగురాలిని ఎస్సీ గదిలోకి నెట్టి, ఓపెన్ వికలాంగ పోస్టును తక్కువ మార్కులవాళ్లకు ఇవ్వడం చెల్లదని వాదించవచ్చు. ఎంపిక జాబితా వచ్చిన రోజే మార్కులు పోల్చి చూసుకోవాలి.

2025 ఏప్రిల్‌లో రాష్ట్రంలో ఎస్సీ వర్గీకరణ ఆర్డినెన్స్ వచ్చింది. 15 శాతాన్ని మూడు గ్రూపులకు 1, 6.5, 7.5 శాతంగా పంచింది. వైకల్యం ఈ మూడింటికీ అడ్డంగానే వెళ్తుంది. కుల సర్టిఫికెట్‌లో గ్రూపు సరిగా ఉందో లేదో చూసుకోవడం అదనపు పని.

2020లో ఆర్యన్ రాజ్ కేసులో సుప్రీంకోర్టు వికలాంగులు కూడా సామాజికంగా వెనుకబడినవాళ్లేనని, ఎస్సీ, ఎస్టీలకు ఇచ్చే మార్కుల సడలింపు వాళ్లకూ ఇవ్వాలని చెప్పింది. మంచి తీర్పే. కానీ ఎస్సీ కూడా అయిన వికలాంగుడికి దాంతో కొత్తగా వచ్చిందేమీ లేదు, ఆ సడలింపు అతనికి అప్పటికే ఉంది. రెండు భారాలు మోసే మనిషి చట్టానికి ఇంకా సరిగా కనిపించలేదు. కొంతవరకు కనిపించింది 2021 ఏప్రిల్‌లో, అదీ మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులో. పటాన్ జమాల్ వలి వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో బాధితురాలు చూపు లేని దళిత యువతి. కులం, లింగం, వైకల్యం మూడూ కలిసి ఆమెను ఎలా బలహీనపరిచాయో జస్టిస్ చంద్రచూడ్ తీర్పులో వివరంగా రాశారు. 1989లో అమెరికా న్యాయశాస్త్రవేత్త కింబర్లీ క్రెన్షా నల్లజాతి స్త్రీల గురించి చెప్పిన సిద్ధాంతాన్ని ప్రస్తావించారు. ముద్దాయి యావజ్జీవ శిక్ష నిలిచింది. అట్రాసిటీ చట్టం కింద పడిన శిక్ష మాత్రం నేరం కులం కారణంగానే జరిగిందన్న సాక్ష్యం లేదంటూ పోయింది. సిద్ధాంతం పేజీల్లో గెలిచింది, సెక్షన్ దగ్గర ఓడింది. లా చదువుతున్నవాళ్లు ఆ తీర్పు మొత్తం చదవాలి.

నలభై శాతం అనే గుమ్మం

మన దగ్గర వైకల్య ధ్రువీకరణ అంటే సదరం. గ్రామ సచివాలయంలోనో మీసేవలోనో స్లాట్ బుక్ చేసుకుని, కేటాయించిన ఆసుపత్రిలో డాక్టర్ ముందు హాజరుకావాలి. కేంద్రం ఇచ్చే యూడీఐడీ కార్డు వేరు. జాతీయ పరీక్షలకు, ఫెలోషిప్‌లకు అదే అడుగుతున్నారు. డిగ్రీ చివరి సంవత్సరంలోనే రెండూ సిద్ధంగా ఉండాలి, పేర్లు పదో తరగతి మెమోతో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. తాత్కాలిక సర్టిఫికెట్ అయితే గడువు ఎప్పుడు తీరుతుందో చూసుకోవాలి. కౌన్సెలింగ్ టేబుల్ దగ్గర గడువు తీరిందని తెలిస్తే ఎవరూ ఆగరు.

2024 జులైలో వికలాంగుల పింఛను 3,000 నుంచి 6,000 రూపాయలకు పెరిగింది. 2025లో పింఛనుదారుల వైకల్యాన్ని మళ్లీ పరీక్షించి, శాతం తగ్గిందంటూ వేలాదిమందికి నోటీసులిచ్చారు. ఆందోళనలు జరిగాయి. చర్చంతా పింఛను చుట్టూనే తిరిగింది. కానీ విద్యార్థికి 40 కింద పడటమంటే నెలకు ఆరు వేలు పోవడంతో ఆగదు. సీటు, ఫెలోషిప్, ఉద్యోగ కోటా అన్నీ ఒకేసారి పోతాయి.

40 శాతం లోపు ఉన్నా ఒక హక్కు మిగులుతుంది. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, రాయడంలో ఇబ్బంది ఉన్న అభ్యర్థికి 40 శాతం నిబంధనతో పనిలేకుండా స్క్రైబ్ ఇవ్వాలని చెప్పింది. దాని ఫలితంగా 2022 ఆగస్టులో కేంద్రం విడిగా మార్గదర్శకాలు తెచ్చింది. రిజర్వేషన్ వేరు, పరీక్ష రాయడానికి తగిన వెసులుబాటు వేరు. హాల్ టికెట్ ఇచ్చే గుమస్తాకు ఈ తేడా తెలియకపోవచ్చు, మీకు తెలిసి ఉండాలి.

చదవడానికి పుస్తకం, రాయడానికి మనిషి

నా దృష్టిలో అసలు కథ ఇక్కడుంది. చూపు లేని విద్యార్థికి ఈరోజు ఫోన్‌లో, కంప్యూటర్‌లో తెలుగు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంది. ఎన్‌వీడీఏ ఉచితం. అయితే అది యూనికోడ్‌లో ఉన్న తెలుగునే చదవగలదు. పోటీ పరీక్షల మెటీరియల్, కాలేజీ నోట్సు, పాత పాఠ్యపుస్తకాల ఫైళ్లు చాలావరకు అను ఫాంట్లలో టైపు చేసినవి. వాటిలో తెరమీద కనిపించేది తెలుగు, లోపల ఉన్నది ఇంగ్లిష్ కీబోర్డు సంకేతాలు. సాఫ్ట్‌వేర్ దాన్ని అర్థం లేని అక్షరాల గోలగా వినిపిస్తుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే అసలు మాట్లాడదు, అది ఫొటో మాత్రమే. అంటే ఇంగ్లిష్ మీడియం విద్యార్థికి సాంకేతికత తలుపు తెరిచింది, ప్రభుత్వ పాఠశాలలో తెలుగు మీడియం చదివి వచ్చినవాళ్లకు అదే తలుపు సగమే తెరుచుకుంది. తెలుగు మీడియంలో ఎవరు చదువుతారో ఈ పాఠకులకు చెప్పనక్కరలేదు.

చట్టం ఇందులో అడ్డు కాదు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, వికలాంగులు చదవగలిగే రూపంలోకి పుస్తకాన్ని మార్చుకోవడాన్ని అనుమతించారు. చూపు లేనివాళ్లకు పుస్తకాలు అందించే మరాకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించింది భారతదేశమే. 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది. కావలసింది టైపు చేసే చేతులు. ఒక డిగ్రీ కాలేజీలో విద్యార్థి సంఘం తలా పది పేజీలు యూనికోడ్‌లో కొడితే ఒక సెమిస్టర్ నోట్సు వారంలో తయారవుతుంది. అందుకు ఏ జీవో అక్కర్లేదు.

స్క్రైబ్ సంగతి ఇంకో రకం. 2018 మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలి. సొంతంగా స్క్రైబ్‌ను తెచ్చుకుంటే అతని చదువు, అభ్యర్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలని వాటిలో రాశారు. డిగ్రీ చదివిన అభ్యర్థికి ఇంటర్ చదివినవాళ్లన్నమాట. మోసం జరగకూడదని పెట్టిన నిబంధన. కానీ ఎకనామిక్స్‌లో గ్రాఫ్, స్టాటిస్టిక్స్‌లో గుర్తు చెబితే రాయగల ఇంటర్ కుర్రాడిని పల్లెలో వెతికి, ఛార్జీలు, భోజనం పెట్టి కర్నూలుకో హైదరాబాద్‌కో తీసుకెళ్లాలి. ఆ ఖర్చు ఏ స్కాలర్‌షిప్ లెక్కలోనూ ఉండదు.

వినికిడి లోపం ఉన్నవాళ్ల పరిస్థితి ఇంకా వెనుకబడి ఉంది. తరగతిలో సంజ్ఞా భాష చెప్పేవాళ్లే లేకపోతే పాఠమే లేదు. అది విడిగా రాయాల్సిన విషయం.

ఫీజు, ఫెలోషిప్

డిగ్రీ దాకా ఫీజు రీయింబర్స్‌మెంట్ మోసుకొచ్చింది. 2020 డిసెంబరు 25న వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు దాన్ని ఎత్తేసింది. సీటు కావాలంటే యూనివర్సిటీ క్యాంపస్‌కు వెళ్లమన్నారు. నందికొట్కూరు విద్యార్థికి దగ్గరి క్యాంపస్ అంటే కర్నూలులోని రాయలసీమ యూనివర్సిటీ. ఆళ్లగడ్డ నుంచి అది నంద్యాల దాటి వెళ్లాల్సిన దూరం. ఇంటి నుంచి రోజూ వెళ్లిరాగల కాలేజీయే వికలాంగ అమ్మాయికి ఏకైక కాలేజీ. ఇంట్లోవాళ్లు హాస్టల్‌కు పంపాలంటే అక్కడి బాత్రూమ్ ఎలా ఉంటుందన్నదే మొదటి ప్రశ్న. ఆ జీవో మీద విద్యార్థి సంఘాలు చాలా కొట్లాడాయి. అది వికలాంగ విద్యార్థుల మీద చేసిన గాయం గురించి మాత్రం తక్కువ విన్నాను.

ఎస్సీల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో వికలాంగ విద్యార్థులకు భత్యం 10 శాతం అదనంగా ఇవ్వాలని 2021 మార్గదర్శకాల్లో ఉంది. వికలాంగులకు కేంద్రం విడిగా ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది, కుటుంబ ఆదాయ పరిమితి 2.5 లక్షలు. పీహెచ్‌డీకి ఎస్సీ జాతీయ ఫెలోషిప్ ఒకటి, వికలాంగుల జాతీయ ఫెలోషిప్ ఒకటి. రెండూ కలిపి తీసుకోవడం కుదరదు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000. ఎస్సీ ఫెలోషిప్ తీసుకున్నా వికలాంగులైతే తోడుకో, చదివి వినిపించే మనిషికో నెలకు 2,000 అడగవచ్చు. ఇది తెలియక వదులుకోకండి. 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం 40 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్లకు రెండేళ్ల అదనపు గడువు కూడా ఉంది. ఫెలోషిప్ నెలల తరబడి ఆగితే ఏమవుతుందో 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మరణం తర్వాత దేశం మొత్తం చర్చించింది. తోడు మనిషికి జీతం ఇవ్వాల్సిన స్కాలర్‌కు ఆ ఆలస్యం రెండింతలు.

ఉద్యోగం

పత్రికల్లో వచ్చే కథలు తెలిసినవే. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లాకు చూపు లేదని ఇంటర్‌లో సైన్స్ ఇవ్వలేదు. కోర్టుకెళ్లి సాధించుకున్నారు. అమెరికాలో ఎంఐటీలో చదివి, తిరిగొచ్చి బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. 2024లో సినిమా వచ్చింది. చూపు లేని కట్టా సింహాచలం ఐఏఎస్ అయ్యారు. గర్వించాల్సిన మనుషులు. కానీ ఈ కథల్లో మనం గమనించాల్సింది ప్రతిభను కాదు, కోర్టుకెళ్తే తప్ప సైన్స్ సీటు రాని వ్యవస్థను. అందరికీ కోర్టుకెళ్లే తీరిక, అండ ఉండవు.

సాధించిన ఉద్యోగం నిలుస్తుందన్న భరోసా కూడా లేదు. అమలాపురంలో పుట్టి, పోలియోతో చక్రాల కుర్చీలో ఢిల్లీ యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన జి.ఎన్. సాయిబాబాను 2014లో అరెస్టు చేశారు. 2021లో ఉద్యోగం నుంచి తీసేశారు. 2024 మార్చిలో హైకోర్టు నిర్దోషి అంది. ఆ అక్టోబరు 12న చనిపోయేనాటికి ఉద్యోగం తిరిగి రాలేదు.

మన ప్రాంతంలో డిగ్రీ చేసినవాళ్ల చూపు ఎక్కువగా డీఎస్సీ మీదే ఉంటుంది. అది సహజం. టీచరు ఉద్యోగం పక్క మండలంలోనైనా వస్తుంది, ఇల్లు వదలనక్కరలేదు. దాంతోపాటు స్పెషల్ ఎడ్యుకేటర్ కోర్సుల వైపు కూడా చూడాలి. ప్రత్యేక అవసరాల పిల్లలకు ప్రైమరీలో పదిమందికి ఒకరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు టీచరు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. పోస్టులు మంజూరు చేయాలని 2025 మార్చిలో రాష్ట్రాలను ఆదేశించింది. భవిత కేంద్రాల్లో ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద పనిచేస్తున్నవాళ్లకు ఇది ముఖ్యం. కోర్సుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూశాకే ఫీజు కట్టండి. లా చదివినవాళ్లకు 2025 మార్చి 3 తీర్పు ఉంది. చూపు లేనివాళ్లను న్యాయాధికారి పోస్టుల నుంచి తప్పించడం చెల్లదని అందులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఎమ్మార్పీఎస్‌ను నడిపిన మంద కృష్ణ మాదిగే వికలాంగుల హక్కుల పోరాట సమితినీ నడిపించారు. తెలుగునాట దళిత ఉద్యమం, వికలాంగుల ఉద్యమం ఒకే వేదిక మీదికి వచ్చింది ఆ సమితితోనే. పింఛను ఈ స్థాయికి రావడంలో ఆ పోరాటాల పాత్ర పెద్దది. సీట్లు, రోస్టర్, స్క్రైబ్, యూనికోడ్ పుస్తకం వంటివి ఇంకా ఆ వేదిక నినాదాల్లోకి గట్టిగా రాలేదు.

అందాకా కాలేజీ స్థాయిలో చేయగల పని ఒకటుంది. చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి, 23వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థలో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. సమాచార హక్కు చట్టం కింద మూడు ప్రశ్నలు అడగండి. ఆ విధానం కాపీ ఇవ్వండి, ఆ అధికారి పేరు చెప్పండి, గత అయిదేళ్లలో 5 శాతం కింద నింపిన సీట్లెన్ని, వాటిలో ఎస్సీలు ఎందరు. మన రాష్ట్రంలో మండల స్థాయి కార్యాలయానికి 5 రూపాయలు, జిల్లా కార్యాలయానికో యూనివర్సిటీకో 10 రూపాయలు ఫీజు. 30 రోజుల్లో జవాబు రావాలి. జవాబు రాకపోతే మొదటి అప్పీలు, ఆ తర్వాత రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. మూడో ప్రశ్నలోని చివరి భాగాన్ని మాత్రం వదలకండి, కులం, వైకల్యం కలిపిన లెక్క మీరడిగితేనే బయటికి రావచ్చు.